పల్స్ అరవై రెండు: మోరిస్‌విల్ నుంచి ట్రాయ్ దాకా

మా ఊరు మోరిస్‌విల్ నుంచి మిషిగన్‌లోని ట్రాయ్‌కి నా కారు మీటరు ప్రకారం ఏడువందల పదహారు మైళ్ళు. దారిలో కొండలు, రెండు సొరంగాలు, ఒక పెద్ద నది, ఆ తర్వాత ఎంతకీ తరగని మొక్కజొన్న చేలు. చూడదగ్గ చోట్లంటూ బోర్డులు చాలా కనబడ్డాయి. ఒక్కదాని దగ్గరా ఆగలేదు. అందుకని ఈ దారి అందాల విషయంలో నన్ను నమ్ముకుని ఎవరూ బయల్దేరవద్దు. తిరిగొచ్చి మూడు వారాలైనా నడుము నొప్పి ఇంకా తగ్గలేదు.

మా అమ్మ ఆఖరి చెల్లెలు ఇందిర పిన్ని, ఆమె భర్త మోహనరావు బాబాయి ట్రాయ్‌లో ఉంటారు. బాబాయి కార్ల కంపెనీల్లో బ్రేకులు పరీక్షించే ఇంజనీరుగా ముప్ఫై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యారు. వయసు డెబ్భై ఎనిమిది. జూన్‌లో ఒక మంగళవారం పొద్దున, ఇంకా టిఫిన్ కూడా తినకముందే, చెత్త డబ్బా వీధిలోకి లాగుతూ గరాజ్‌లో కూలబడిపోయారు. అంబులెన్స్ వచ్చి తీసుకెళ్ళింది. హార్ట్ ఎటాకే, కానీ చిన్నది అన్నారు. వాళ్ళమ్మాయి సింధు ఉండేది సియాటిల్‌లో. ఎనిమిదో నెల, విమానం ఎక్కొద్దన్నారు. మా ఆయనకి ఆఫీస్‌లో సాఫ్ట్‌వేర్ రిలీజ్, కదలడానికి లేదు. ఆ రోజు విమానం టికెట్ ఎనిమిది వందల నలభై డాలర్లు, అదీ మధ్యలో ఆరు గంటలు ఎక్కడో కూర్చోవాలి. పులిహోర డబ్బా ఒకటి పక్క సీట్లో పెట్టుకుని, మధ్యాహ్నం పన్నెండున్నరకి నేనొక్కదాన్నే కారు తీశాను.

నా కాగితం

నేను డాక్టర్ని కాదు. తెనాలిలో బీకాం చదివాను. ఇంటి నుంచే ఒక హాస్పిటల్‌కి పనిచేస్తాను. డిశ్చార్జ్ అయినవాళ్ళ రికార్డులు చదివి, బిల్లుల కోసం ఏ జబ్బుకి ఏ కోడ్, ఏ చికిత్సకి ఏ కోడ్ అని వేయడం నా పని. పదకొండేళ్ళుగా ఇదే. గుండెపోటుతో వచ్చిన పెద్దవాళ్ళ రికార్డులు చదివి చదివి నాకొక ప్రశ్న పట్టుకుంది. వచ్చినప్పుడు చాలామంది నిలకడగానే ఉంటారు, మంచినీళ్ళు అడుగుతారు, కళ్ళజోడు ఎక్కడుందని అడుగుతారు. వాళ్ళలో కొందరు మాత్రం రెండో రోజుకో మూడో రోజుకో ఐసీయూలో తేలతారు. ఎవరు వాళ్ళు? ముందే తెలిస్తే వాళ్ళని మొదటే అక్కడ పెట్టొచ్చు. మిగతావాళ్ళని ఆ వైర్లూ, ఆ లైట్లూ లేకుండా వార్డులో పడుకోనివ్వొచ్చు.

లైబ్రరీ పుస్తకాలతో, కంప్యూటర్ పాఠాలతో లెక్కలు నేర్చుకున్నాను. పైవాళ్ళ అనుమతి తీసుకుని, పేర్లు లేకుండా నాలుగేళ్ళు రాసుకుని, చివరికి ఒక పేజీ తయారుచేశాను. వచ్చినప్పటి పల్స్ ఎంత, బీపీ ఎంత, కిడ్నీ పరీక్ష ఎలా ఉంది, ఊపిరితిత్తుల్లో నీరుందా, ఇలా ఏడు ప్రశ్నలు. ఒక్కోదానికి కొన్ని మార్కులు. అన్నిటికంటే ఎక్కువ మార్కులు పల్స్‌కి. పెద్దవాళ్ళ గుండె కూర్చున్నచోటే పరుగెడుతోందంటే లోపల ఏదో అవస్థ పడుతోందన్నమాట. ఆ కాగితాన్ని ఎవరూ వాడడం లేదు. పాత రికార్డుల మీద నేనే వేసి చూసుకుని, సరిపోయినప్పుడల్లా సంతోషపడేదాన్ని. మా హాస్పిటల్ గుండె డాక్టరొకాయన ఈ మధ్యే విని, ఒక కాపీ పంపమన్నాడు.

సొరంగానికి ముందు

వర్జీనియాలో కొండలు ఎత్తెక్కే చోట రెస్ట్ ఏరియాలో ఆగి పులిహోర మూత తీశాను. అప్పుడే పిన్ని ఫోన్.

"పద్దూ, డాక్టర్ వచ్చి వెళ్ళాడే. స్టేబుల్‌గానే ఉన్నారట. పైన వార్డ్‌లో బెడ్ రెడీగా ఉంది, మానిటర్ పెడతాం అన్నాడు. మీకు భయంగా ఉంటే రెండు రోజులు ఐసీయూలో పెట్టి చూస్తాం, ఎటైనా పర్లేదు అంటున్నాడు. ఎటైనా పర్లేదంటే ఏంటే? నాకేం తెలిసి చస్తుంది?"

"నంబర్లు ఏమైనా చెప్పారా పిన్నీ?"

"అన్నీ కవర్ వెనకాల రాసుకున్నా. నువ్వడుగుతావని తెలీదూ!"

ఒక్కొక్కటే చదివింది. బీపీ బాగుంది. ఊపిరితిత్తుల్లో నీరు లేదు. కిడ్నీ నంబర్ కొంచెం ఎక్కువ. పల్స్ అరవై రెండు. డెబ్భై ఎనిమిదేళ్ళాయనకి హార్ట్ ఎటాక్ వచ్చిన పూట పల్స్ అరవై రెండు! స్టీరింగ్ మీద వేలితో లెక్క వేశాను. మొత్తం మూడు మార్కులు. నా కాగితం ప్రకారం ఎనిమిది దాటితేనే బెంగ.

"వార్డు చాలు పిన్నీ. అవసరం లేకుండా ఐసీయూలో పెడితే పెద్దవాళ్ళకి నిద్ర ఉండదు, మనసు చెదురుతుంది. వార్డే అడుగు."

"నువ్వంటున్నావు కాబట్టి సరే. ఆయన్నడిగితే ఇంటికే పోదామంటున్నారు."

ఫోన్ పెట్టేసి సొరంగంలోకి వెళ్ళాను. లోపలికి వెళ్ళేది వర్జీనియాలో, బయటపడేది వెస్ట్ వర్జీనియాలో. సాయపడ్డానన్న తృప్తితో ఆ మైలు దూరం పాట కూడా పెట్టుకోలేదు.

గ్రేవీ లేని బిస్కెట్

వెస్ట్ వర్జీనియాలో మూడుచోట్ల టోల్ తీసుకుంటారు. మూడో చోట కిటికీలో ఉన్న పెద్దావిడ నా మొహం చూసి, "ఇంక ఆపి పడుకో తల్లీ, ముందు పొగమంచుంది" అంది. చెప్పినట్టే విన్నాను. డెబ్భై తొమ్మిది డాలర్ల మోటల్. కార్పెట్‌కి ఏదో నిమ్మకాయ సెంటు కొట్టారు. నా బట్టలకి ట్రాయ్ దాకా అదే వాసన.

పొద్దున పక్కనే ఉన్న హోటల్లో టిఫిన్. అక్కడ బిస్కెట్ అంటే మనం టీలో ముంచుకునేది కాదు. మెత్తగా, ఉప్పగా, పొరలు పొరలుగా ఉండే రొట్టె. దాని మీద పంది మాంసం వేసిన తెల్లటి గ్రేవీ పోస్తారు. నాకు గ్రేవీ వద్దన్నాను. వడ్డించేవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని, "నేనిక్కడ ఇరవై ఏళ్ళుగా చేస్తున్నా. బిస్కెట్‌ని ఇలా ఒంటరిగా పంపమన్నదానివి నువ్వే" అని, జాలిపడి ఒక గిన్నెలో ఆపిల్ జామ్ తెచ్చిపెట్టింది. ఎనిమిది డాలర్ల చిల్లర. జామ్‌కి లెక్క వేయలేదు.

పక్క బల్ల దగ్గర ఒక ముసలి జంట. ఆవిడ మాత్రలు లెక్కపెట్టి ఆయన అరచేతిలో పోస్తోంది. నేను చూస్తున్నానని గమనించి ఆయన నవ్వి, పర్సులోంచి ప్లాస్టిక్ అంటించిన కార్డు ఒకటి తీసి చూపించాడు. మందుల పేర్లు, ఎన్ని, ఎప్పుడు, అన్నీ టైపు చేసి ఉన్నాయి. బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యాడట.

"నేనెక్కడైనా పడిపోతే నా మాట ఎవరూ వినక్కర్లేదు. నేను అబద్ధాలాడతాను. ఇది ఆడదు" అన్నాడు.

"నిజమే, ఆడతాడు" అంది ఆవిడ.

మనవాళ్ళకి ఇలాంటి కార్డు పర్సులో ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ఊరికే అనుకున్నాను, బిల్లు కట్టేసి లేచాను.

ఒహాయో

ఒహాయో గురించి రాయడానికి పెద్దగా లేదు. వాన. కొలంబస్‌లో ఎగ్జిట్ తప్పాను, నలభై నిమిషాలు పోయాయి. పెట్రోల్ పోసుకుంటుంటే పులిహోర డబ్బా సీటు మీంచి జారి బోర్లా పడింది. వేరుశనగపప్పులు ఇప్పటికీ బ్రేక్ పెడల్ కింద దొరుకుతున్నాయి. పిన్నికి ఫోన్ చేస్తే, "బాగానే ఉన్నారు, ఇడ్లీ అడుగుతున్నారు" అంది. ఇడ్లీ అడిగే మనిషికి ఏం కాదని అనుకుని, మిగతా దారంతా రేడియో కూడా లేకుండా నడిపాను. అప్పటికి వినే ఓపిక కూడా లేదు.

ట్రాయ్

బుధవారం సాయంత్రం నాలుగింటికి వార్డులోకి వెళ్ళేసరికి బాబాయి దిండుకానుకుని కూర్చున్నారు.

"రా రా, లెక్కల సరస్వతీ! నాకెన్ని మార్కులొచ్చాయి?"

"మూడు, బాబాయ్."

"వందకా?"

"తక్కువొస్తేనే పాసు."

"ఈ పరీక్షేదో మా కాలేజీలో ఉంటే నేను గోల్డ్ మెడలిస్టుని." అని ట్రే పక్కకి నెట్టారు. "ఈ సూప్‌లో ఉప్పు లేదు. ఏడువందల మైళ్ళు వచ్చావు, చిటికెడు ఉప్పు తేవద్దూ?"

నర్సు పేరు డయాన్, తెల్లజుట్టావిడ. కిడ్నీ నంబర్ దిగాక శుక్రవారం యాంజియోగ్రామ్ చేస్తారని చెప్పింది. పల్స్ నెమ్మదిగా ఉంది కాబట్టి గుండె వేగం తగ్గించే మందు ఇప్పట్లో ఇవ్వడం లేదంది. సబబుగానే అనిపించింది. మానిటర్ మీద అప్పుడు డెబ్భై తొమ్మిది ఉంది. నేను చూశాను. నన్ను చూసిన సంబరం అనుకున్నాను. ఇరవై పైసలు తేడా వచ్చినా వెనక్కెళ్ళి వెతికేదాన్ని, పదిహేడు అంకెల తేడాని సంబరం అనుకున్నాను.

ఇంటికెళ్ళేసరికి పక్కింటి శ్రీకాంత్ గిన్నెలతో గుమ్మంలో ఉన్నాడు. కరీంనగర్ మనిషి, నలభై ఉంటాయి, కార్లకి సాఫ్ట్‌వేర్ రాస్తాడు. "ముందుగాల మీరు తిన్రి అక్కా. పప్పు, బెండకాయ ఫ్రై చేసినం. అంకుల్‌కి ఏం గాదు, టెన్షన్ పడకున్రి" అన్నాడు. ట్రాయ్‌లో మా మోరిస్‌విల్‌లో లాగే నాలుగిళ్ళకొక తెలుగిల్లు. తేడా ఒకటే. మా వైపు ఇంత చనువు రావడానికి రెండేళ్ళు పడుతుంది. ఇక్కడ చలికాలం మంచు కలిసి ఎత్తిపోసుకుంటారు కాబట్టి ఒక్క శీతాకాలంలో వచ్చేస్తుందట.

కాఫీ సీసా

గురువారం పొద్దున పిన్ని స్నానానికి వెళ్ళింది. నేను కాఫీపొడి కోసం వెతుకుతూ ఫిల్టర్ వెనక ఉన్న ఇన్‌స్టంట్ కాఫీ సీసా మూత తీశాను. అందులో కాఫీ లేదు. మాత్రల పట్టీలు. కత్తెరతో ఒక్కో మాత్రగా కత్తిరించి, రెండు రకాలూ జతచేసి, ఒక్కో జతకీ రబ్బరు బ్యాండ్ వేసి, మార్కర్‌తో తేదీలు రాసి ఉన్నాయి. బాబాయి చేతిరాత. పై జత మీద మంగళవారం తేదీ. దాని కింద బుధవారం. దాని కింద ఆ రోజు.

పట్టీ వెనక అచ్చు చదివాను. ఇండియా మందులు. ఒకటి బీపీది. రెండోది గుండె వేగాన్ని అణిచిపెట్టే మాత్ర. రికార్డుల్లో దాని గురించి ఎన్నిసార్లు చదివానో! ఉన్నట్టుండి ఆపకూడని మాత్ర అది. ఆపితే అణిగి ఉన్న గుండె ఒక్కసారిగా ఎగసిపడుతుంది, అందులోనూ దెబ్బతిన్న గుండె. నేను మెచ్చుకున్న అరవై రెండు బాబాయి గుండెది కాదు. సోమవారం వేసుకున్న మాత్రది.

పిన్ని తడి జుట్టుతో వచ్చింది. సీసా చూపించాను.

"అవా? బీపీ మాత్రలేగా. ఆయన ఫ్రెండ్ విజయవాడలో డాక్టరు, ఆయన రాశాడు. ఎవరు ఇండియా వెళ్తే వాళ్ళతో తెప్పిస్తారు."

"హాస్పిటల్లో చెప్పారా?"

"మందులేమైనా వాడుతున్నారా అని అడిగారు. ఈయన నో అన్నారు. ఆయన చెప్తుంటే మధ్యలో నేనెలా దూరతాను?" అంటూనే నా మొహం చూసి ఆగిపోయింది. "ఏంటే? ఏమైంది? చెప్పవే!"

ఆఫీస్‌కి బయల్దేరుతున్న శ్రీకాంత్‌ని కారు దగ్గర ఆపి పట్టీ చూపించాను. "నేనే తెచ్చిన అక్కా, డిసెంబర్ల. ఏడాదికి సరిపోను. దినాం ఏస్కుంటడు, ఒక్కనాడు గూడ తప్పడు. ఏమన్న ప్రాబ్లమా?" అన్నాడు. తప్పడు అన్న మాట వినగానే ఇంట్లోకి పరుగెత్తాను.

వార్డుకి ఫోన్ చేసి డయాన్‌కి మందు పేరు అక్షరం అక్షరం చెప్పాను. ఆవిడ మళ్ళీ ఒకసారి చెప్పించుకుని రాసుకుంది. తర్వాత, "సీసా తీసుకుని రండి. నేను డాక్టర్ని పిలుస్తున్నాను. ఆయన పల్స్ ఇప్పుడు నూట ఎనిమిది. ఛాతీ బరువుగా ఉందని ఇందాకే అన్నారు" అంది.

పన్నెండు నిమిషాల దారి. పిన్ని సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "నువ్వు వార్డు చాలన్నావుగా" అని ఒక్కసారే అంది. నిష్ఠూరంగా కాదు, అలా అన్నానో లేదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు. అన్నాను పిన్నీ అన్నాను.

ఐసీయూ

మేం వెళ్ళేసరికి మంచాన్ని లిఫ్ట్ వైపు తోస్తున్నారు. బాబాయి నుదుటి మీద చెమట. సీసా చూడగానే దొంగ దొరికినట్టు కళ్ళు తిప్పేసుకున్నారు.

"ఎందుకు చెప్పలేదు బాబాయ్?"

"వీళ్ళు రాసిన మందులు కావుగా అవి. ఇక్కడి మా డాక్టరేమో ఏడేళ్ళుగా నా బీపీ చూసి, వాకింగ్ చేసి తగ్గించావు మోహన్ అని మెచ్చుకుంటాడు. ఆయన రాసిన మందు ఏడేళ్ళ కిందటే మానేసి, ఇవి వేసుకుంటున్నానని ఎలా చెప్పను? బాధపడడూ?"

"మీరు పోతే బాధపడడా?" అంది పిన్ని.

ఐసీయూ డాక్టర్ చిన్నది, మా పెద్దమ్మాయి వయసుంటుంది. సీసాలోని తేదీల జతలు చూసి, "ఇంత పద్ధతిగా మందులు వేసుకునే పేషెంట్‌ని చూడలేదు. ఇంత పద్ధతిగా దాచిన పేషెంట్‌నీ చూడలేదు" అంది. అదే జాతి మందు నెమ్మదిగా మొదలుపెట్టారు. సాయంత్రానికి పల్స్ ఎనభై ఎనిమిదికి దిగింది. శుక్రవారం యాంజియోగ్రామ్ చేసి ఒక స్టెంట్ వేశారు. గుండె వరకు అంతా సవ్యంగా జరిగింది.

మనిషే చెదిరిపోయారు. అక్కడ కిటికీ లేదు, గంట గంటకీ ఏదో ఒకటి మోగుతుంది, ఎవరో వచ్చి వేలు పట్టుకుంటారు. శుక్రవారం మధ్యాహ్నానికి బాబాయి నన్ను గుర్తుపట్టలేదు. నన్నెవరో టెక్నీషియన్ అనుకుని, "టెంపరేచర్ రీడింగ్ లేకుండా బ్రేక్ ఎవడు నొక్కమన్నాడు?" అని ఇంగ్లీషులో కసిరారు. వైర్లు పీకబోతే చేతులకి మెత్తటి తొడుగులు వేశారు. పిన్ని ఆ తొడుగు మీదే చెయ్యి వేసి కూర్చుంది. యాభై ఏళ్ళ కాపురంలో ఈయన ఇంటివాళ్ళ మీద ఇంగ్లీషులో అరవడం ఇదే మొదలు అని నవ్వబోయి, ఏడ్చింది. వేరే దేనికి కాకపోయినా దీనికే కదా నేను ఐసీయూ వద్దన్నది! నేను వద్దన్నదీ జరిగింది, నేను రాదన్నదీ జరిగింది.

అక్కడి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని రెండు రోజులు ఒకే విషయం ఆలోచించాను. నాలుగేళ్ళ నా రికార్డుల్లో 'ఇంట్లో వాడే మందులు: లేవు' అని ఎన్నిసార్లు చదివి ఉంటాను? చదివిన ప్రతిసారీ లేవనే వేసుకున్నాను. వాళ్ళలో ఎంతమంది వంటింట్లో ఇలాంటి సీసాలున్నాయో, ఎంతమంది మంచి పల్స్ నిన్నటి మాత్రదో, ఇప్పుడెవరిని అడగను? కాపీ అడిగిన డాక్టర్‌కి అక్కడి నుంచే రాశాను: 'ఇప్పుడు పంపలేను. ఒక ప్రశ్న అడగడం మర్చిపోయాను. పాత రికార్డుల్లో దానికి జవాబు లేదు.' ఆయన సరే అని ఒక్క మాట జవాబిచ్చాడు.

సోమవారం

శనివారం వార్డుకి మార్చారు. ఆదివారానికి తెలుగు తిరిగొచ్చింది. సోమవారం పదకొండింటికి ఇంటికి తెచ్చాం. వాకర్ పట్టుకుని గరాజ్ మెట్టు ఎక్కడానికి నాలుగు నిమిషాలు పట్టింది. పోయిన వారం రోజుకి రెండు మైళ్ళు నడిచిన మనిషి. సోఫాలో కూర్చోబెట్టి, మెత్తగా చారన్నం కలిపిస్తే నాలుగు ముద్దలు తిని గిన్నె పక్కన పెట్టారు.

"పద్మా, నిజం చెప్పు. నన్ను పైన వార్డులోనే ఉంచి, ఆ మాత్రొకటి మొహాన కొడితే ఏమయ్యేది? ఆ రెండు రోజులు నాకు పిచ్చెక్కేది కాదుగా?"

"కాకపోవచ్చు. శుక్రవారం దాకా మీరు ఉండకపోనూవచ్చు."

"ఏది కరెక్టు? నీ లెక్కేమంటుంది?"

"తెలీదు బాబాయ్."

నా నోటి నుంచి ఆ మాట ఆయనకి నచ్చినట్టు లేదు. వాకర్ పట్టుకునే చోట రబ్బరు గిల్లుతూ చెప్పారు.

"మేం కొత్త బ్రేకు పరీక్షించాలంటే ఒకే రకం కార్లు రెండు తెప్పించేవాళ్ళం. ఒకదానికి పాతది, ఒకదానికి కొత్తది. ఒకే రోడ్డు, ఒకే స్పీడు. అప్పుడు తెలిసేది."

"నాకూ అదే కావాలి. మీరొక్కరే ఇద్దరు కావాలి. ఒకరిని వార్డులో, ఒకరిని ఐసీయూలో పెట్టి చూడాలి. అలా అయితే చెప్పగలను."

వంటింట్లోంచి గరిటె కింద పెట్టిన చప్పుడైంది. పిన్ని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆరు రోజులుగా సరిగ్గా దువ్వుకోని జుట్టు, చేతిలో బాబాయి కొత్త మందుల కాగితం.

"ఇద్దరా? ఒక్కరితోనే నా వల్ల కావట్లేదు. ఆ రెండో ఆయన ఎవరో దొరికితే, నీ కార్లో ఎక్కించుకుని మోరిస్‌విల్ తీసుకుపో."